అప్ప బడి మానేసిన ఏడాది

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇత్తడి సామాను దొంగతనంగా బయటికి చేరవేసి అమ్ముకునే ముఠాలో ఆయనా ఉన్నాడని, పోలీసులు ఇంటికి వచ్చేదాకా మాకు తెలియదు. ఆ రోజు ట్రాఫిక్ అనే ఆ రైల్వే కాలనీలో మా వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. అప్పుడు నేను ఏడో తరగతి. అక్క పదకొండో తరగతి, సైన్సు గ్రూపు. అక్కని మా ఇంట్లో అప్ప అనేవాళ్లం.

మర్నాడు కూడా అప్ప జడలు వేసుకుని బడికి బయల్దేరింది. "ఆయన సేసిందానికి నాను సదువు మానాలేటి?" అంది అమ్మతో. కొన్నాళ్లు అలాగే తలెత్తుకుని వెళ్లింది.

ఒక మధ్యాహ్నం ఫిజిక్స్ ల్యాబులో, తూకపు గుండ్ల పెట్టెలోంచి ఇత్తడి గుండు ఒకటి కనబడలేదు. పిల్లలందరూ ఒక్కసారి అప్ప వైపు చూశారట, అంతే. అప్ప తన సంచీ తనే బల్ల మీద బోర్లించి చూపించి, పుస్తకాలు మళ్లీ సర్దుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ వారంలోనే ఫిజిక్స్ మేస్టారు మా ఇంటికి వచ్చారు. ఆయనదీ మాలాగే శ్రీకాకుళం వైపే.

"గుండు దొరికిందమ్మా. బీరువా కిందకి దొర్లిపోనాది. రేపట్నించి రా."

అప్ప తలుపు పట్టుకుని నిలబడింది. "దొరక్కపోయుంటే, సార్?"

మేస్టారు అమ్మ ఇచ్చిన టీ తాగి, "ఆలోసించుకో తల్లీ" అని వెళ్లిపోయారు.

నాన్న ఉద్యోగం పోయి, క్వార్టరు ఖాళీ చేసి, గోల్‌బజార్ వెనక ఒక గదిలోకి మారాం. అప్ప ఇండస్ట్రియల్ పార్కులో ప్యాకింగు పనికి కుదిరింది. నన్ను మాత్రం బడి మాననిచ్చేది కాదు. జ్వరమన్నా నుదురు తాకి చూస్తేగాని నమ్మేది కాదు.

జైలు నుంచి వచ్చాక నాన్న మొదట అడిగింది అదే. "ఏటమ్మా, సదువెందుకు మానేసినావు?"

"లెక్కలు రాలేదు నాన్నా."

లెక్కల్లో క్లాసంతటికీ ముందుండే పిల్ల. నాన్న నమ్మలేదు. గట్టిగా అడిగే ధైర్యమూ చెయ్యలేదు.

నేను డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరాను. ఆ డిగ్రీలో సగం అప్పదే అనిపిస్తుంది, దాన్ని తిరిగిచ్చే దారే తెలియదు. మొన్నొక ఆదివారం, "ఇప్పుడైనా ఓపెన్ స్కూల్లో పరీక్ష కట్టప్పా, నాను సెప్తాను" అన్నాను.

అప్ప నవ్వింది. "డ్యూటీ నుంచొచ్చి కూకుంటే నిద్దరొచ్చేస్తాదే. నీకు సదువొచ్చింది గదా, ఠీక్ హై."

గోడకి ఆనుకుని నాన్న అంతా విన్నాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్లినవాడు అన్నం వేళకి కూడా రాలేదు.