ఎడమ అంచు పైకి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, తొలకరి రోజుల్లో, పలాసలోని ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో నర్సింగ్ బోధకురాలిగా చేరాను. ప్రభుత్వ నర్సింగ్ స్కూల్లో సిస్టర్ ట్యూటర్‌గా పదవీ విరమణ చేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సిస్టర్ ట్యూటర్ అంటే నర్సులకు పాఠం చెప్పే నర్సు. హోదాలో వార్డు సిస్టరు కన్నా ఒక మెట్టు పైన, పలుకుబడిలో రెండు మెట్లు కింద. కొత్త కేంద్రం పని జపానులోని వృద్ధాశ్రమాలకు సంరక్షకురాళ్లను తయారుచేసి పంపడం. భాష చెప్పడానికి వేరే మాస్టారున్నారు. మంచం పట్టినవారిని లేపడం, తినిపించడం, బట్టలు మార్చడం నా వంతు.

బట్టల దగ్గరే చిక్కొచ్చింది. అక్కడ మంచాన ఉన్న పెద్దవాళ్లకు చాలాచోట్ల యుకాతా కడతారట. కిమోనోల్లో అది నూలుది, పట్టుచీరల మధ్య నేతచీర లాంటిది. నిలువు ముక్కలు కలిపి కుట్టిన పొడవాటి అంగీ, గుండీలుండవు, హుక్కులుండవు. ముందు కుడి అంచును ఒంటికి చుట్టి, దానిమీదికి ఎడమ అంచు తెచ్చి, నడుముకు పట్టీ కట్టాలి. ఆడైనా మగైనా ఇదే వరస. పట్టీ ముడి అడ్డంగా ఉండాలి. కుడి అంచు పైకొచ్చినా, ముడి నిలువుగా నిలబడినా అది శవానికి కట్టే కట్టు. ఇవన్నీ నేను వీడియోలు చూసి, భాష మాస్టారి ప్రాణం తోడి నేర్చుకున్నాను.

మా పిల్లలకు ఇది ఎందుకు పట్టుబడటం లేదో చాలా రోజులు నాకు అంతుబట్టలేదు. ఒకనాడు నా పవిట సర్దుకుంటుంటే తెలిసింది. మన పవిట కుడి నడుము మీంచి బయల్దేరి ఎడమ భుజానికి చేరుతుంది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆడపిల్ల చెయ్యి పైబట్టను కుడి నుంచి ఎడమకే లాగుతుంది. ఆ చేతికి కిమోనో ఇస్తే నిక్షేపంలాంటి మనిషిని శవాన్ని చేసి పెడుతుంది. మగవాళ్ల చొక్కాకు మాత్రం ఎడమ అంచే పైకొస్తుంది. మీ నాన్న చొక్కా తలుచుకోండమ్మా అని చెప్పాను. అందరూ దారిలో పడ్డారు, నీలవేణి తప్ప.

నీలవేణిది డొంకూరు, సముద్రంలో వేటకెళ్లే ఇంటి పిల్ల. మాటల పుట్ట. అప్పటికే ఒకసారి పరీక్ష తప్పింది. మళ్లీ తప్పితే కేంద్రం పేరు కొట్టేస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా ఒక్క మాట మీదున్నారు: పాసైతే జపాను, తప్పితే మేనమామతో పెళ్లి. ఆ మావలో ఏం లోపముందని ఒకసారి అడిగాను.

"మంచోడే మేడం. కానీ నన్ను సంకనేసుకుని తిప్పినోడు. ఆడిని ఎలా సేసుకుంటాను?" అంది.

పరీక్ష చేయడానికి జపాను నుంచి నకామురాగారనే ఆవిడ, వెంట తెలుగు దుబాసీ వచ్చారు. మా రోగి బొమ్మకు చెయ్యి ఊడిపోవడంతో మనిషి కావలసి వచ్చింది. మేమున్న మేడ యజమాని, మాజీ సర్పంచి అప్పలనాయుడుగారు తానే పడుకుంటానన్నారు. జపాను వాళ్లు తీసుకుపోయే ఫొటోలో తానుండాలని ఆయన కోరిక. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయినట్టు నటించమని చెప్పాను. సరేనని, ఆ పడిపోయిన చేత్తోనే ఫోనెత్తి టెక్కలివాళ్లతో కొబ్బరికాయల బేరం సాగించారు.

పరీక్ష జరిగేటప్పుడు బోధకురాలు నోరు విప్పకూడదు. పిల్లలు చేసిన తప్పును, వంగి నమస్కరించి ముగించేలోగా తమంతట తామే దిద్దుకుంటే పరవాలేదు. చేయబోయే ప్రతి పనినీ రోగికి ముందుగా చెప్పాలి. భాషకు పరీక్ష వేరే ఉంది కాబట్టి ఇక్కడ ఏ భాషలో చెప్పినా చెల్లుతుంది. అయినా మా పిల్లలు మార్కుల ఆశకొద్దీ జపాను మాటలు గోడకేసి శ్లోకంలా అప్పజెప్పారు. కట్టు మాత్రం వంక పెట్టడానికి లేకుండా కట్టారు.

నీలవేణి వంతు వచ్చింది. తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. ఇది మా వృత్తిలో ఓనమాలు. అక్కడిదాకా చక్కగా చేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆమె చెయ్యి కుడి అంచు పట్టుకుని పైకి లాగేసింది. నకామురాగారి పెన్ను ఆగింది. దుబాసీ కంగారులో, అది పోయినవాళ్లకు కట్టే కట్టని తెలుగులోనే పైకి అనేశాడు.

పక్షవాతం రోగి లేచి కూర్చున్నారు.

"ఏటే గుంటా, నన్ను సంపీసినావేటి?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నోరు విప్పడానికి లేదు. నీలవేణి మాత్రం తొణకలేదు. ఆయన కుడి భుజం మీద చెయ్యేసి మెల్లగా పడుకోబెట్టింది.

"పడుకో తాతా, నీకు ఎడం పక్క పడిపోయింది, లెగకూడదు. కాకి తన్నితే మనోళ్లు సావు కబురు అంపరేటి? ఉత్తుత్తి సావు కబురెల్తే ఆయుస్సు పెరుగుద్ది. నీకూ పెరిగింది. ఇప్పుడు ఎడం అంచు పైకి ఏత్తన్నాను. పొట్ట కాత్త లోపలికి తీసుకో."

కాకి తలమీద తన్నితే కీడని, చుట్టాలకు చావు కబురు పంపి, వాళ్లు ఏడ్చాక నిజం చెప్పడం మనవైపు పాత ఆచారమే. నాయుడుగారు కాసేపు ఆలోచించి పొట్ట లోపలికి తీసుకున్నారు. ఆ పిల్ల కట్టు సరిచేసి, ముడి అడ్డంగా వేసి, బిగుతుగా లేదు కదా అని ఆయన్నే అడిగి, వంగి నమస్కరించింది.

ఆ మాటలన్నీ నకామురాగారు దుబాసీ చేత చెప్పించుకున్నారు. కాకి దగ్గరికొచ్చేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత పాసని రాశారు. మిగతావాళ్లు బట్టకు కట్టారనీ, ఈ అమ్మాయి మనిషికి కట్టిందనీ ఆవిడ అన్నట్టు దుబాసీ చెప్పాడు.

ఈలోగా నాయుడుగారు పోయారని కింద టీకొట్టు దాకా పాకిన మాట, ఆయన చుట్టాలుండే కోటబొమ్మాళికి నిజం కబురై చేరింది. సాయంత్రానికి నాయుడుగారి చెల్లెలు, అల్లుడు జీపు దిగారు. ఆ చెల్లెలు వీధి మొదట్లోంచే శోకాలు పెడుతూ వచ్చింది. నాయుడుగారు యుకాతా విప్పకుండానే ఎదురెళ్లారు. కీడు పద్ధతి ప్రకారం పోయిందని ఎంతో సంతోషించారు. అల్లుడు ఏడవలేదన్న సంగతి మాత్రం నేటికీ మరవలేదు.

నీలవేణి జపాను వెళ్లింది. మేనమామ వేరే పెళ్లి చేసుకున్నాడు. కొన్నాళ్లకు ఆమె నుంచి ఫోనులో చిన్న వాయిస్ మెసేజి వచ్చింది.

"మేడం, నాను సూసుకున్న మామ్మగారు ఈయేల పోయినారు. కుడి అంచు పైకి ఏసి కట్టినాను. ఏసే ముందు ఆవిడికి సెప్పే ఏసినాను."

నేను పని పూర్తిగా మానుకునే ముందు వచ్చిన చివరి బ్యాచికి పాఠాల వరస మార్చాను. అంచుల సంగతి రెండో పాఠమైంది. చెప్పకుండా ఎవరి ఒంటిమీదా చెయ్యి వేయకూడదన్నది మొదటిది. ఇక ఎప్పటికీ వినలేని మనిషి విషయంలో మినహాయింపు ఉందేమోనని నియమాలన్నీ తిరగేశాను. లేదు.