తన గోడలకే కూలి

ప్యో మల్సున్ ఇంచియోన్‌లోని ఆ మూడో అంతస్తు ఇంట్లో సామాను దించిన రోజే, ఇంటాయన బ్యాంకుకెళ్ళి ఆ ఇల్లు తాకట్టు పెట్టి పన్నెండు కోట్ల వోన్లు తెచ్చుకున్నాడు. పొద్దున ఆమె దగ్గర జోన్సే కింద పదహారు కోట్లు పుచ్చుకున్నవాడే. జోన్సే అంటే నెలనెలా అద్దె ఉండదు, ఖాళీ చేసేరోజు మొత్తం తిరిగిచ్చెయ్యాలి. అద్దెకున్నట్టు వార్డు ఆఫీసులో నమోదూ ఆమె ఆ రోజే చేయించుకుంది. కానీ బ్యాంకు హక్కు ఆ రోజు నుంచే, అద్దెకున్నవాళ్ళ హక్కు మర్నాటి నుంచి. ఆ ఒక్క రాత్రితో ఆమె బ్యాంకు వెనక నిలబడాల్సొచ్చింది.

పదహారులో ఐదు, ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ గోడలకి కాగితం అంటించి కూడబెట్టినవి. మిగతాదంతా అప్పు.

రెండేళ్ళకి ఇంటాయన చేతులెత్తేశాడు. ఇల్లు కోర్టు వేలానికొచ్చింది. మంచి ధర వస్తే బ్యాంకు పోను తనకి కొంతైనా మిగులుతుందని మల్సున్ ఆశ. ఇరవై కోట్ల దగ్గర పాట రాసిన కవరు ఒక్కటీ పడలేదు. పద్నాలుగుకి దించినా పడలేదు. ఇల్లు వద్దనుకునేవాళ్ళెవరు? కానీ ఎవర్ని చూసినా కారు అప్పు మీద, ఫ్రిజ్ కార్డు మీద, పిల్లల ట్యూషన్ ఇంకో కార్డు మీద. అలాంటివాడికి కొత్త అప్పు ఇవ్వనంది బ్యాంకు. ఇళ్ళు అమ్ముడుపోక జనం ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు. ఇల్లు మారనివాడికి కొత్త గోడ కాగితం ఎందుకు? నెలకి మూడు పనులు దొరకడం గగనమైంది.

మూడోసారి పది కోట్లకి ఎవరో కొన్నారు. అదంతా బ్యాంకే మింగింది. మల్సున్ నడుం వాల్చేంత గది చూసుకుంది.

ఆ తర్వాత ఓ పొద్దున, ఆమెకి పనులిప్పించే కాగితాల కొట్టు బాంగ్‌కి, ఆమె అక్కడుండగానే ఫోనొచ్చింది. చిరునామా రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయింది.

“ఈ పని వేరేవాళ్ళకిస్తాలే అక్కా.”

“ఎవరిల్లేంటి?”

చెప్పాడు. ఆ మూడో అంతస్తు ఇల్లే.

“గోడలు కొలిచే పని తప్పింది. కూలెంత?”

“నీకు బుద్ధుందా?”

“బుద్ధుంటే జోన్సేకి ఇచ్చేదాన్నా? ఆ జిగురు బకెట్టు ఇటు తొయ్యి.”

సాయంత్రం ఖాళీ బకెట్టు తెచ్చి కొట్టు గుమ్మంలో పెట్టింది. కూలి డబ్బు జేబులో కుక్కుకుంటూ అంది:

“చిన్న గది మూల చెమ్మ ఉంది, తమ్ముడూ. రెండు పొరలు వేశా, రెండేళ్ళు కనబడదు. ఇల్లు కొన్నాయనా అప్పు చేసే కొన్నాట్ట. ఆ రెండేళ్ళలోపే అమ్మెయ్యమన్నా. కొనేదెవరని నవ్వాడు.”