నల్లకొండ మీది దొన

మా అక్కకి వచ్చే నెల మోకాలి ఆపరేషన్. ఈలోపు నల్లకొండ ఎక్కి తీరాలని పట్టుబట్టింది. ఆవిడకి అరవై దాటాయి, నాకు దగ్గర పడుతున్నాయి. "మతి పోయిందా అక్కా?" అన్నాను గానీ, ఎందుకో నాకు తెలుసు.

మా చిన్నప్పుడు కార్తీకమాసం వనభోజనాలకి ఊరంతా ట్రాక్టర్ల మీద ఆ కొండ కిందికి వెళ్ళాం. ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టారు, మగవాళ్ళు కొండెక్కారు. ఆడపిల్లలు రాకూడదన్నారు. దిగొచ్చాక మా నాన్న, "పైన రాతిలో దొనుందర్రా, నీళ్ళు అమృతం! అక్కణ్ణుంచి చూస్తే మన గోదారి తెల్లగా మెరుస్తోంది" అన్నాడు. నాన్న మాటలు కోటలు దాటతాయని ఊళ్ళో పేరు. తామే పైదాకా పోలేకపోయామని, ఆయనైతే సగంలోనే చెట్టు కింద పడుకున్నాడని మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వేదాన్ని. అక్క మాత్రం ఆ మాట ఎవరన్నా ఇప్పటికీ ఊరుకోదు. కాలు పనిచేస్తుండగానే సంగతి తేల్చుకోవాలని తన పంతం.

తెల్లవారుజామున తణుకులో పాసింజరు ఎక్కాను. నిడదవోలులో అక్క ఎక్కింది, రెండు చేతుల్లో రెండు సంచులతో. పులిహోర, గారెలు, అరటిపళ్ళు, ఇంకా ఏవేవో. రాజమండ్రిలో దిగి ఇడ్లీ తిని, గోకవరం బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి ఆటోలో కొండ కింద దిగేసరికి తొమ్మిదిన్నర.

"నీళ్ళేవండీ?" అన్నాడు ఆటో అతను.

"దారిలో బోరింగు ఉండదా ఏంటండి?" అంది అక్క.

మాది కాలవల సీమ. నాలుగడుగులేస్తే కాలవో, చెరువో, బోరింగో తగులుతుంది. ఇంట్లోంచి నీళ్ళు మోసుకెళ్ళడమంటే మాకు నామోషీ. ఇద్దరికీ కలిపి ఒక్క సీసా తెచ్చుకున్నాం. మీరు వెళితే మాలా చేయకండి, గారెలు తగ్గించైనా నీళ్ళు మోయండి.

మొదట్లో వెదురుపొదల మధ్య బాట బాగానే ఉంది. చెట్లు అయిపోయాక నున్నటి నల్లరాయి మొదలైంది. చెప్పులు జారుతున్నాయి, విప్పితే అరికాళ్ళు కాలుతున్నాయి. సీసా ఎప్పుడో ఖాళీ. అక్క మోకాలు పట్టుకుని కూలబడింది.

"దిగిపోదాం అక్కా. నీకేమన్నా అయితే బావగారికి నేనేం చెప్పను?"

"పైన దొనుందిగా."

"నాన్న మాట నమ్మి పైకెళతావా?"

"ఇంకెవరి మాట నమ్మాలే?"

నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. పైన నీళ్ళు లేకపోతే దిగే ఓపిక కూడా మిగలదు. అయినా అక్క లేచింది. నేను వెనకనుంచి తోస్తూ, ఇద్దరం పాకుతూ, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఎలాగో మిట్టమధ్యాహ్నానికి శిఖరం చేరాం.

దొన ఉంది! రాతిలో గంగాళమంత గుంట, నిండా వాననీళ్ళు. అక్క దోసిళ్ళతో తాగి, మొహం కడుక్కుని, "చూశావా?" అంది. నాకు ఏడుపొచ్చేసింది. మా నాన్న నిజంగా ఇక్కడిదాకా వచ్చాడు.

అక్క కంటికి దూరం ఆనదు. "గోదారి కనిపిస్తోందా? సరిగ్గా చూడవే" అంది.

చూశాను. గోదావరి ఉండే వైపున, మేమెక్కిన దానికంటే ఎత్తైన కొండ అడ్డంగా నిలబడి ఉంది. దాని వెనక సముద్రమున్నా కనపడదు. ఉన్నమాటే చెప్పాను.

అక్క ఆ కొండకేసి కళ్ళు చికిలించి చూసింది. "అయితే అది నాన్న దిగొచ్చాక మొలిచుంటుంది."

ఇద్దరం కడుపులు పట్టుకుని నవ్వాం. నవ్వీ నవ్వీ కొంగులతో కళ్ళు తుడుచుకున్నాం. తర్వాత పులిహోర తింటూ చాలాసేపు నాన్న కబుర్లే చెప్పుకున్నాం.

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. సగం దూరం కూర్చునే జారాం. సాయంత్రం రాజమండ్రిలో రైలెక్కాక, నేను అక్క మోకాలికి నూనె రాస్తుంటే ఎదురుగా కూర్చున్న మండపేట ఆవిడ సంగతంతా అడిగి తెలుసుకుంది. తణుకులో కూతురింటికి వెళుతోందట. ఒళ్ళు హూనమైనా, ఇంత తృప్తిగా నేను ఏ ఊరి నుంచీ తిరిగిరాలేదు.

"ఈ వయసులో అంత కొండెక్కారంటే గొప్పేనండి. ఇంతకీ పైనుంచి ఏం కనిపిస్తుందండి?" అందావిడ.

అక్క నా వైపు చూసింది. తను నోరు తెరిచేలోపే నేనే చెప్పాను.

"మన గోదారండి. తెల్లగా మెరుస్తూ ఉంటుంది."