దాహం సన్నివేశంలో తడిసిన మూతి

కొత్తవాడు వస్తే హాలిస్ ప్రూయిట్ ముందు మొహం చూసేవాడు కాదు, చక్రాల జాడ చూసేవాడు. మొహం మనిషి చెప్పినట్టు వింటుంది, మట్టి వినదు. సియెర్రా పర్వతాల తూర్పు పాదాన, బిట్టర్ ఫోర్క్ ఊరికి పైన, గుండ్రటి రాతిగుట్టల నడుమ ఉన్న వాళ్ళ పశువుల క్షేత్రంలో డెబ్బై ఏళ్ళుగా అతను నేర్చుకున్న విద్యలో సగం అదే.

ఆ లోయవాళ్ళకు అనుమానం ఊరికే పుట్టలేదు. తాతల కాలంలో పట్నం నుంచి మర్యాదస్తులు కొందరు వచ్చారు. పశువులు పెంచుకుంటామన్నారు, పిల్లలకు మిఠాయిలు పంచారు, భూములు కొన్నారు. చివరకు కాలవ తవ్వి నదిని పట్నానికి మళ్ళించుకున్నారు, దుమ్ము మాత్రం లోయకు మిగిలింది. ప్రూయిట్లకు దక్కింది గుట్టల వెనక ఒక ఊట. అది కూడా ప్రభుత్వ భూమిలో ఉంది. తరాలుగా తమ పశువులు తాగుతున్నాయన్న వాడుకే వాళ్ళ హక్కు. హాలిస్ తండ్రి దానికి ఒక్క కాగితం రాయించుకోలేదు. పెద్దమనిషి చేతిలో చెయ్యేస్తే చాలునన్న ఆ పాతకాలపు నమ్మకం ఎన్ని కుటుంబాలను ముంచిందో ఆ లోయ శ్మశానానికి తెలుసు.

హాలిస్ యువకుడిగా ఉన్న రోజుల్లో టెలివిజన్ వాళ్ళు ఆ గుట్టలకు వచ్చారు. తుపాకుల కాలపు కథ, వారం వారం ప్రసారం. ఇంటింటా చూసేవారు. కథ జరిగేది మోటారు పుట్టని రోజుల్లో. కెమెరాలు మోసుకొచ్చేవి మాత్రం లారీలు. ప్రతి చిత్రీకరణకు ముందు ఆ చక్రాల జాడలు చెరిపెయ్యాలి. ఆ పని హాలిస్‌కు ఇచ్చారు. సేజ్ అనే ఎడారి పొదలను మోపుగా కట్టి, గుర్రం వెనక తాడుతో ఈడ్చుకుంటూ అతను తిరిగితే నేల అప్పుడే పుట్టినట్టు అయ్యేది. కొన్నాళ్ళకు కంచె కూడా కనబడకూడదన్నారు. దాన్ని పొదలతో కప్పాడు. తరువాత ఊట నుంచి వచ్చే గొట్టం, పశువుల తొట్టి.

"ఇక్కడ మనిషన్నవాడు ఎప్పుడూ బతకలేదనిపించాలి, తెలిసిందా?" అనేవాడు దర్శకుడు.

అక్కడే పుట్టి పెరిగినవాడితో అనే మాటా అది? హాలిస్‌కు అప్పుడది పొగడ్తలా వినిపించింది. అంత శుభ్రంగా చెరిపేవాడు అతనొక్కడే మరి.

యాభై ఏళ్ళ తరువాత, ఒక శరదృతువులో, సీసాల్లో నీళ్ళు నింపి అమ్మే కంపెనీ ఒకటి ఆ ఊట తనకు కావాలంది. దాన్ని వెనకటి నుంచీ ఎవరూ వాడలేదని, ప్రూయిట్ల మాట వట్టి కట్టుకథని దరఖాస్తులో రాసింది. విచారణకు రోజు నిర్ణయించారు. ఊట పోతే పశువులు పోతాయి. పశువులు పోతే హాలిస్, అతని అక్క ఓపల్ ఆ గడప దిగాల్సిందే.

సరిగ్గా ఆ వారంలోనే గుట్టల వెనక చిన్న కారు జాడ కనబడింది. దాని పక్కన బూట్ల అడుగులు. నాలుగడుగులు ముందుకు, రెండు వెనక్కి, మళ్ళీ పక్కకు.

"కొలతలు తీస్తున్నాడక్కా. కంపెనీ మనిషే."

ఓపల్ పెనం మీద రొట్టె తిప్పుతూ, "నీకు నీడ కనబడ్డా కంపెనీ మనిషే. పోయినేడు పాస్టరు గారిని గేటు దగ్గర గంటసేపు నిలబెట్టావు, గుర్తుందా?" అంది.

"ఆయన కొత్త టైర్లు వేయించాడు. నాకెలా తెలుస్తుంది?"

మర్నాడు హాలిస్ బండల చాటున కాపు వేసి ఆ మనిషిని పట్టుకున్నాడు. అరవై దాటినవాడు, ఎండకు ఎర్రబడిన బట్టతల. ఒక కన్ను మూసి, చేతిలో ఫొటోను చాచిపట్టి, బండల అంచులతో సరిపోలుస్తున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండీ. నా పేరు యూజీన్ టెల్‌ఫోర్డ్. కొండలకవతల ఫ్రెస్నోలో పళ్ళ డాక్టరుగా చేసి మానేశాను. మా చిన్నప్పుడు చూసిన కథ ఏ బండ దగ్గర తీశారో వెతుకుతున్నా. ఇదిగో, ఈ పగులు చూడండి, ఫొటోలో అచ్చం..."

"రాళ్ళు చూడ్డానికి ఫ్రెస్నో నుంచి వచ్చావా?"

"మా ఆవిడా అదే అడిగిందండీ."

"మీ ఆవిడ తెలివైంది. ఇంటికెళ్ళి ఆమె మాట విను. మళ్ళీ ఇటొస్తే నీ కారు గాలి తీసేస్తా."

కారు కదిలాక హాలిస్ పొదల మోపు తెచ్చి ఆ జాడ చెరిపేశాడు. రాళ్ళు చూడ్డానికి అన్ని మైళ్ళు వచ్చేవాడుంటాడని నమ్మడానికి తనేమన్నా పసివాడా!

విచారణ ఊరి బడి హాల్లో జరిగింది. కంపెనీ వకీలు టెలివిజన్ పెట్టె తెప్పించి క్యాసెట్ వేశాడు. తెర మీద ఆ గుట్టలు, ఆ వంపు. కథానాయకుడు ఎడారిలో దాహంతో చస్తున్నాడు. కంచె లేదు, గొట్టం లేదు, తొట్టి లేదు.

"యాభై ఏళ్ళ కిందటి దృశ్యం. ప్రూయిట్ గారూ, మీ తొట్టి ఏదీ?" అని అడిగి వకీలు బొమ్మ ఆపాడు.

"పొదల కింద ఉంది. నేనే కప్పాను. అప్పట్లో నా పని అదే."

"అంటే, లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూపించడమే మీ వృత్తి. ఇవాళ చెప్పేది మాత్రం మేం నమ్మాలా?"

హాలు గొల్లున నవ్వింది. తన చేతి పనితనమే తన నోరు మూయించిందని హాలిస్‌కు అప్పుడు తెలిసింది. అంత బాగా చెరపకపోయినా బాగుండేది. దానికి తోడు వెనక వరసలో ఎర్రటి బట్టతల కనబడింది. హాలిస్ ఓపల్ చెవిలో, "చూశావా? ఆ క్యాసెట్ ఇచ్చింది వాడే" అన్నాడు.

అంతలో ఆ బట్టతల లేచి నిలబడింది.

"అయ్యా, క్షమించాలి. విచారణ సంగతి ఊళ్ళో విని వచ్చినవాణ్ణి. బొమ్మ తొందరపడి ఆపేశారు. ఇంకాస్త నడవనివ్వండి. ఆ కథంటే ప్రాణమిచ్చేవాళ్ళకి ఇది బాగా తెలిసిన ముక్క. మేమంతా దీనికి నవ్వుకుంటాం."

వకీలు అభ్యంతరం చెప్పాడు. విచారణాధికారి ముసలావిడ, కళ్ళద్దాలు సర్దుకుని, "కథ సగంలో ఆపడం నాకూ గిట్టదు. వెయ్యండి" అంది.

బొమ్మ నడిచింది. ఎండిన పెదవులతో కథానాయకుడు, "ఈ నేలలో చుక్క నీరు లేదు నేస్తం" అంటూ కళ్ళెం లాగాడు. గుర్రం వినలేదు. అతన్ని మోసుకుంటూనే పక్కకు నడిచి, ఒక పొదలో మూతి పెట్టింది. వెనకనున్నవాళ్ళు కూడా గుర్రం గుటకలు చూశారు. కథానాయకుడు చావుబతుకుల మాటలు కొనసాగిస్తూనే ఉన్నాడు. గుర్రం తల ఎత్తింది. దాని మూతి నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. జారిన పొద పక్కన ఇనుప అంచు, దాని మీద మేకుతలల వరుస.

హాలు ఈసారి ఇంకో రకంగా నవ్వింది. అధికారిణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఏ చిత్రీకరణవాళ్ళో పెట్టిన బకెట్టు అయ్యుంటుంది" అన్నాడు వకీలు.

"బకెట్టా?" హాలిస్ లేచాడు. "అది మా నాన్న పాత బాయిలర్‌ని నిలువునా కోసి చేసిన తొట్టి. ఇప్పటికీ అక్కడే ఉంది. వచ్చి చూసుకో."

మధ్యాహ్నం అందరూ వెళ్ళి చూశారు. అంచు అదే, మేకుతలలు అవే, మధ్యలో ఊడిన మేకు చిల్లు కూడా అదే. ఆ నెలలోనే ఊట నీళ్ళ హక్కు ప్రూయిట్లదని తీర్పు వచ్చింది. ఆ తీర్పు కాగితానికి ఓపల్ చట్రం కట్టించి గోడకు తగిలించింది. ఆ ఇంట్లో దాచిన మొదటి కాగితం అదే.

టెల్‌ఫోర్డ్ మళ్ళీ వచ్చాడు, ఈసారి ఫోను చేసి. హాలిస్ గేటు తీశాడు గానీ పక్కకు తప్పుకోలేదు.

"ఇంత చేశావు కదా, నీకేం కావాలి?"

"ఆ తొట్టి పక్కన నిలబడి ఒక ఫొటో తీసుకుంటానండీ."

"అంతేనా?"

"అంతేనండీ."

"అదే నాకు నమ్మబుద్ధి కావడంలేదు" అన్నాడు హాలిస్. కానీ ఫొటో తనే తీశాడు. ఓపల్ ఇద్దరికీ బీన్స్, మొక్కజొన్న రొట్టె పెట్టింది. సాయంత్రం కారు వెళ్ళిపోయింది.

పొద్దున్నే ఓపల్ వాకిట్లోకి వచ్చి చూసేసరికి తమ్ముడు దారి మీద వంగి జాడ పరిశీలిస్తున్నాడు.

"ఒరే, పొదల మోపు తెచ్చివ్వనా?"

అతను ఆ జాడ వెంట పెద్ద రోడ్డు దాకా నడిచాడు. కారు ఎక్కడా ఆగలేదు, ఏ వంపులోనూ పక్కకు తిరగలేదు. సరాసరి వెళ్ళిపోయింది. వెనక్కి వస్తూ జాడ తొక్కకుండా దారి పక్కగా నడిచాడు.

"వద్దులే. ఉండనీ. ఇక్కడ మనుషులున్నారని తెలియాలి" అన్నాడు.