చివరింటి దాకా

సరుకుల ఆటో హారన్ మోగిందంటే పల్లెల్లో ఆడవాళ్ళు చేతిలో పని అక్కడే వదిలేసి వీధిలోకొచ్చేవారు. ఉప్పు, పప్పు, సబ్బులు, చీపుళ్ళు, దారాలు, అన్నీ ఆ ఆటోలోనే. నడిపేవాణ్ణి పిల్లలు ఆటోమామ అనేవారు. పెద్దలూ అదే పేరు ఖాయం చేశారు. మంచాన పడ్డ తల్లిని చూసుకోవడంలోనే అతనికి పెళ్ళీడు దాటిపోయింది. ఆవిడ పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఆ లోటు ఊళ్ళల్లో తీరేది.

"నీ సబ్బుకి నురగే రాలేదయ్యా, నీ మాటలు కాస్త కలిపి రుద్దితే వచ్చేదేమో!" అని ఆటపట్టించేవాళ్ళు.

మట్టిరోడ్డు చివరి ఊళ్ళో, చివరింట్లో టైలరమ్మ ఉండేది. భర్త పోయాక, ముసలి అత్తగారితో ఉంటున్న ఆమెకి కుట్టుమిషనే లోకం. ఎప్పుడు వెళ్ళినా ఒక్క దారపు రీలే కొనేది.

"ఒకేసారి డజను తీసుకోవచ్చుగా టైలరమ్మా?" అన్నాడోసారి.

"తీసుకుంటే మళ్ళీ ఇంత దూరం ఎందుకొస్తావు?" అంది. అన్నాక తనే సిగ్గుపడి గబుక్కున లోపలికెళ్ళిపోయింది.

ఆ మాటకి బదులు చెబుదామనుకుంటూనే ఆటోమామ కాలం గడిపేశాడు. ఈలోగా పల్లెవాళ్ళూ ఫోన్లోనే సరుకులు తెప్పించుకోవడం మరిగారు. ఎంత హారన్ కొట్టినా గుమ్మాల్లోకి ఎవరూ రాలేదు. ఆటో అమ్మేసి, పట్నంలో డెలివరీ పనికి కుదిరాడు.

అక్కడంతా ఉరుకులు పరుగులే. లిఫ్టు, బెల్లు, బెత్తెడు తెరుచుకునే తలుపు. "అక్కడ పెట్టెయ్" అంటుంది ఓ గొంతు. మనిషి కనబడదు. ఏ ఇంట్లోనైనా కుట్టుమిషను చప్పుడు వినబడితే మాత్రం అతని కాళ్ళు కదలవు. "ఇంకేం కావాలి?" అని లోపలివాళ్ళు కసిరితేగానీ ఈ లోకంలోకి రాడు.

చివరికి ఓ సెలవు రోజు బస్సెక్కాడు. టైలరమ్మ మిషను ముందే ఉంది, కళ్ళద్దాలొచ్చాయి.

"అదేంటి, ఉత్త చేతుల్తో వచ్చావు?"

"అమ్మడానికి రాలేదు, చూసిపోదామని. సరుకులెలా వస్తున్నాయి మరి?"

"ఊరి మొదట్లో పాలకేంద్రం దగ్గర పడేసిపోతారు. ఇక్కడిదాకా ఎవరొస్తారు?"

ఆమె మళ్ళీ మిషను తొక్కసాగింది. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అతని నోట్లోంచి జారిపోయింది. "నాతో పట్నం వచ్చెయ్యకూడదూ? పెళ్ళి చేసుకుందాం."

మిషను ఆగింది.

"ఆటో తిరిగే రోజుల్లో అని ఉంటే పరిగెత్తుకొచ్చేదాన్ని," అంది. "ఇప్పుడు అత్తయ్య మంచం దిగలేదు. నన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. ఆ సంగతి నీకు వేరే చెప్పాలా?"

అక్కర్లేదు. అతనికి తెలియంది కాదు. మంచినీళ్ళు తాగి లేచాడు.

సెలవు దొరికినప్పుడల్లా ఇప్పటికీ వెళ్తాడు. ఆమె కుడుతుంటే గుమ్మంలో కూర్చుని పట్నం కబుర్లు చెబుతాడు. బస్సు వేళవుతుంది. ఇంకాసేపు కూర్చోమని ఆమె అనదు, కూర్చుంటానని అతను అనడు. చెప్పులు వేసుకోవడానికే చాలాసేపు పడుతుంది.