నాలుగు తీగల బేరం

మా నాన్న సిరోంచ బజారులో బట్టల దుకాణం నడిపేవాడు. ఆయన నాకు నేర్పిన మొదటి విద్య గుడ్డ కొలవడం కాదు, ముఖం దాచడం. నచ్చిన సరుకు వంక చూడకూడదు. పక్కనున్నదాన్ని చేతిలోకి తీసుకుని, దానికి వంకలు పెట్టి, పెదవి విరిచి, చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు అసలుదాని ధర అడగాలి. చెప్పిన ధర విని నవ్వి, లేచి నడవాలి. తొమ్మిది అడుగుల లోపల వెనక నుంచి పిలుపు వస్తుంది. మా బజారులో అందరూ అందరినీ పిలిచేవారు. పిలుపు ఆలస్యమైతే కొనేవాడు చెప్పు సరిచేసుకునే నెపంతో వంగేవాడు. అతను ఎందుకు వంగాడో దుకాణదారుకూ తెలుసు. అప్పుడు పిలిచేవాడు. ఇద్దరి పరువూ నిలిచేది.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలంలో, ఈ విద్య పెట్టుబడిగా, నేను చంద్రపూర్‌లో ఒక బేస్ గిటార్ కొన్నాను.

ఆ కోరిక మా ఊరి నది అవతల, మంచిర్యాలలో ఒక పెళ్ళిలో పుట్టింది. ఆర్కెస్ట్రా పెట్టించారు. ముందు కుర్చీలన్నీ మగపెళ్ళివారివి. నేను ఆడపెళ్ళివారికి దూరపు చుట్టాన్ని కాబట్టి స్టేజీ వెనక, జనరేటరు పక్కన చోటు దొరికింది. అక్కడికి పాట సరిగా వినపడలేదు గాని ఏదో ఒకటి వచ్చి పక్కటెముకలకు తగిలింది. తొంగిచూస్తే మూలన ఒకాయన నాలుగే తీగలున్న పొడుగాటి గిటార్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ ఆయన వంక చూడటం లేదు. ఒక పాట మధ్యలో ఆయన ఆపి, చెమట తుడుచుకున్నాడు. పాట అంతా కాళ్ళు నేలకు ఆననట్టు వేలాడింది. ఆయన మళ్ళీ అందుకోగానే నిలబడింది. ముందున్న అన్ని వందల మందిలో ఎవరికీ ఆ సంగతి తెలిసినట్టు లేదు. నాకు తెలిసింది. ఇరవై రెండేళ్ళవాణ్ణి చెడగొట్టడానికి అది చాలు.

నాకు స్నేహితులు లేరు. ఎదురు దుకాణం వాళ్ళబ్బాయిని పదేళ్ళుగా రోజంతా చూస్తూనే ఉన్నాను, అతనూ నన్ను చూస్తూనే ఉన్నాడు. దాన్ని పోటీ అంటారు, స్నేహం అనరు. నాకు కావలసింది స్టేజీ కాదు, పేరూ కాదు. నలుగురి మధ్య నిలబడి, ఆ నలుగురూ చేస్తున్న పనిలో నా వంతు పని చేయడం. అటువంటిది ఒక్కసారి దొరికితే చాలనుకున్నాను.

చంద్రపూర్‌కు దుకాణం సరుకు కోసం వెళ్ళినప్పుడు హార్మోనియాలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర అది కనిపించింది. ఆయన ముందుతరం కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఇంట్లో తెలుగే. నేను ఊరి పేరు చెప్పి, పద్ధతి ప్రకారం తబలాలు చూశాను, వేణువు ఒకటి ఊది చూశాను, ఆ తర్వాతే మూలకు వేలు చూపించాను.

"ఇదేంది కాకా, గిటార్‌కు ఆరు తీగలుంటయ్ గద. దీనికి రెండు తక్కువున్నయ్."

"ఇది గంతే. బేస్."

"మరి ధర గూడ గంతే తగ్గాలె. ఆరిట్ల రెండు పాళ్ళు కొట్టెయ్."

ఆయన కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు. "బర్రెకు నాలుగు కాళ్ళు, కోడికి రెండు. మీ సిరోంచల రెండు కోళ్ళకు ఒక బర్రెనిస్తరా?"

నేను నవ్వలేదు. బేరంలో నవ్వితే ధర ఆగిపోతుంది. రంగు పోయిన చోట్లు చూపించాను, గీతలు లెక్కపెట్టాను, తీగలు బిగించే బిరడలు తుప్పు పట్టాయన్నాను. ఆయన అన్నిటికీ అవునన్నాడు, కొంచెం కొంచెం తగ్గాడు. అప్పుడు నా తురుపుముక్క వేశాను. గిటార్ పక్కనే దాని శబ్దం పెంచే యాంప్లిఫయర్ పెట్టె ఉంది.

"గా బాక్సు లేకుంట ఎంత?"

"బాక్సు లేకుంట దీన్నేం జేస్తవ్?"

"గది నా పరేషాన్. ధర జెప్పు."

చెప్పాడు. నవ్వి, లేచి నడిచాను. ఎనిమిదో అడుగు పడింది, తొమ్మిదోది పడలేదు. "జర ఆగు తమ్మి" అని పిలుపు వచ్చింది. మా నాన్న అక్కడుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

డబ్బు చేతిలో పడ్డాక ముసలాయన గిటార్ ఎత్తి, ఒక కన్ను మూసి, మెడ వెంట చూశాడు. అల్లపల్లి కలప డిపోలో టేకు దుంగ వంకర ఉందేమోనని అట్లాగే చూస్తారు.

"రంగు సూసినవ్, గీతలు సూసినవ్. మెడ సూడకపోతివి. జర వంగింది."

"ముందే జెప్పాలె గద కాకా."

"నువ్వడగలే."

ఆ తర్వాత అరగంట సేపు, పైసా తీసుకోకుండా, నేను కొనకముందు చూడాల్సినవన్నీ కొన్నాక చూపించాడు. తీగను మెడ మీద అడ్డంగా ఉండే మెట్లలో మొదటిదాని మీద, చివరిదాని మీద ఒకేసారి నొక్కి పట్టాలి. నడుమ తీగకూ మెట్టుకూ మధ్య పోస్టుకార్డు మందం సందు ఉండాలి. ఎక్కువుంటే వేళ్ళు పుండ్లవుతాయి, తక్కువుంటే తీగ మెట్లకు తగిలి గరగరమంటుంది. మెడ లోపల ఇనుప కడ్డీ ఉంది, దాన్ని బిగిస్తే మెడ నిటారవుతుంది. దానికి వాడే వంకర తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"పావు తిప్పు తిప్పు, ఒకరోజు ఆగు. కట్టె గద, నిదానంగ ఇంటది. దీనితోని బేరమాడకు."

సిరోంచ చేరి, దుకాణం వెనక గదిలో తలుపు మూసుకుని, మొదటి తీగ మీటాను. దోమ రెక్క చప్పుడంత వచ్చింది. మళ్ళీ గట్టిగా మీటాను. రెండు దోమలంత. బాక్సు లేకుంట దీన్నేం జేస్తవ్ అని ఆయన అడిగింది బేరం మాట కాదని, ఉన్న మాటేనని అప్పుడు అర్థమైంది. నేను మిగిల్చుకున్న డబ్బు ఆ గిటార్ గొంతు ఖరీదు. తర్వాత విడిగా బాక్సు ఎంతవుతుందో కనుక్కున్నాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళు గడ్డం దాని పై అంచుకు ఆనించి వాయించాను. దవడ ఎముకలోంచి శబ్దం తలలోకి వచ్చేది, నాకు ఒక్కడికే. ఒకరోజు అలసిపోయి గిటార్ తలను టేకు బీరువా తలుపుకు ఆనించి మీటితే బీరువా మొత్తం గుమ్మంది. లోపలున్న అమ్మ స్టీలు గిన్నెలు, గ్లాసులు గలగలమన్నాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"బీరువల పిల్లి సొచ్చిందారా?"

"లేదవ్వా. గిటార్."

"మరి గిటార్ల పిల్లి సొచ్చిందా?"

అప్పటినుంచి ఆ బీరువానే నా బాక్సు. వానాకాలం మెడ ఉబ్బి వంగేది, పావు తిప్పేవాణ్ణి. చలికి నిటారై గరగరమనేది, పావు వెనక్కి తిప్పేవాణ్ణి. శ్రుతికి భజన మందిరంలో హార్మోనియం దగ్గరికి పోయి నాలుగు స్వరాలు చెవిలో పెట్టుకుని, దారిలో ఎవరూ పలకరించకుండా తల వంచుకుని ఇంటికి పరుగెత్తేవాణ్ణి. ఎవరైనా "ఏం కొడుకా, మంచిగున్నవా" అంటే ఒక స్వరం జారిపోయేది. కొత్త తీగలు కొనే స్తోమత లేదు. పాతవాటిని విప్పి నీళ్ళలో మరిగిస్తే జిడ్డు వదిలి మళ్ళీ పలుకుతాయని ముసలాయనే చెప్పాడు. ఒకసారి అమ్మ గిన్నె మూత తీసి చూసి, "ఇగ పోపు గూడ ఏస్తవా" అని అడిగింది.

రేడియోలో పాట వచ్చినప్పుడు దానితో పాటు వాయించేవాణ్ణి. కరెంటు పోతే పాట పోయేది, నేను మిగిలేవాణ్ణి. బేస్‌కు తనదంటూ పాట ఉండదు. ఆ సంగతి కొన్నాక తెలిసిన వాటిలో చివరిది, అన్నిటికన్నా ఖరీదైనది. ఒక మధ్యాహ్నం పంచె కొనడానికి వచ్చిన రైతు వెనక గది గుమ్మం దాకా వచ్చాడు.

"ఏం పాట తమ్మి అది?"

"పాట గాదు కాకా. పాట కిందుండేది."

ఆయన కాసేపు విన్నాడు. "మరి పాటేది?" అన్నాడు.

ఆయనకు పంచె మడిచి ఇచ్చాను. నాలుగేళ్ళు అట్లాగే గడిచాయి.

ఆ ఏడు దసరా ముందు ముసలాయన దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. బల్లార్షా వైపు ఆర్కెస్ట్రా ఒకటి అల్లపల్లికి వస్తోంది. వాళ్ళ బేస్ మనిషి గనిలో ఉద్యోగం దొరికి మానేశాడు. సిరోంచలో ఒకడున్నాడని చెప్పాను, గిటార్ తీసుకుని పో. అంతే రాశాడు. ఆ కార్డును ఎన్నిసార్లు చదివానో చెబితే పరువు పోతుంది.

గిటార్‌ను దుకాణంలో బట్టల మూటకు చుట్టే గోనెపట్టాలో చుట్టి బస్సెక్కాను. జిమల్‌గట్ట దగ్గర వాగు తగ్గేదాకా బస్సు ఆగింది. అందరూ దిగి టీ తాగారు. నేను దిగలేదు, గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నాను. కండక్టర్ వచ్చి, "గింత భద్రంగ పట్టుకున్నవ్, గీయనకు గూడ టికెట్ కొడుదునా" అన్నాడు.

అల్లపల్లిలో మధ్యాహ్నం షామియానా కింద వాళ్ళు సాధన చేస్తున్నారు. నడిపించే పెద్దమనిషి గనుల దగ్గర పుట్టి పెరిగిన తెలుగువాడు. ఎక్కువ మాటలు లేవు. వైరు ఇచ్చి, బాక్సు చూపించాడు.

తీగ మీటాను. నేల కదిలింది. నాలుగేళ్ళు నా దవడలోనూ బీరువాలోనూ బతికినది ఎదురుగా నిలబడి మాట్లాడినట్టయింది. పాట మొదలైంది. రెండో చరణంలో డ్రమ్ములాయన చిన్న మార్పు చేశాడు. నా వేలు ఎట్లా తెలుసుకుందో గాని అతనితో పాటు అక్కడే దిగింది. అతను తల ఎత్తి నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. బేరం కాని చోట నవ్వడం నాకు అలవాటు లేదు, ముఖం నొప్పి పుట్టింది. మూడు పాటలు వాయించాం.

పెద్దమనిషి నా దగ్గరికి వచ్చాడు. "మాతోని వస్తవా తమ్మి? దీపావళి దాక శానా ఊర్లున్నయ్. తిండి, పండుకునుడు మా దిక్కే. చేతికి గూడ ఎంతో కొంత ఇస్తం."

నేను కోరినది అదే. అంతకన్నా ఎక్కువ కూడా. నా ముఖం దానంతట అది రాయిలా అయిపోయింది. నచ్చిన సరుకు ఎదురుగా ఉంది కదా.

"దుకాణం ఉన్నది కాకా," అన్నాను. "సూస్త."

గిటార్ గోనెపట్టాలో చుట్టి భుజాన వేసుకుని నడిచాను. ఒకటి, రెండు, మూడు. ఏడో అడుగుకు నా చెవులు వీపు మీదికి వచ్చాయి. తొమ్మిదో అడుగు పడింది. వంగి చెప్పు సరిచేసుకున్నాను. తీరిగ్గా, రెండు చెప్పులూ సరిచేసుకున్నాను. వెనక నుంచి వచ్చిందల్లా ఆయన గొంతే, మంచి మనసుతో.

"మంచిది తమ్మి. దుకాణం ఇడిచి ఎట్లస్తవ్ పాపం. మంచిగ వాయించినవ్."

ఓరకంట చూస్తే ఆయన నా వైరు చుట్ట చుడుతున్నాడు. ఆయన అడిగాడు, నేను చెప్పాను, ఆయన నమ్మాడు.

బస్టాండులో సిరోంచ బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఆ మాత్రం ధైర్యం చేశాను. కానీ వెనక్కి పోవడానికి కాళ్ళు రాలేదు. లేచిపోయిన బేరానికి తనంతట తిరిగి వచ్చేవాడు సగం ధర తానే పెంచుకుంటాడని మా నాన్న మాట. ఇంతకూ అక్కడ ధర ఏముంది? చాలాసేపు కూర్చున్నాను.

దీపాలు వెలిగాక వెళ్ళి, పాత అలవాటు ప్రకారం స్టేజీ వెనక నిలబడ్డాను. ఆర్గన్ వాయించే అతను ఎడమచేత్తో నా పని కూడా కానిస్తున్నాడు. జనానికి ఏ తేడా తెలియలేదు. మంచినీళ్ళకు కిందికి దిగిన పెద్దమనిషి నన్ను చూసి ఆగాడు.

"దుకాణమంటివి గద. బస్సు పోయిందా?"

"మీతోని వస్త" అంటే సరిపోయేది. రెండు మాటలు. నా నోరు ఆయన పడేసిన మాటనే ఏరుకుంది.

"పోయింది," అన్నాను.

"అయ్యో. తిన్నవా మరి? కూసో, కూసో." ఎవరితోనో చెప్పి పూరీలు తెప్పించి ఇచ్చాడు. గిటార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ పాటలు వింటూ, వాళ్ళ పూరీలు తిన్నాను. పొద్దున వాళ్ళ వ్యాను ఆష్టి వైపు పోయింది. నేను సిరోంచ బస్సెక్కాను.

నాన్న దుకాణంలో బట్ట తాను చుడుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఏమాయె?"

"బేరం కుదరలే బాపూ."

"ఎవలు లేసిండ్రు?"

"నేనే."

"పిలువలేదా?"

"లే."

తాను రెండు చుట్లు తిరిగింది. "ఎన్ని అడుగులేసినవ్?"

"బస్టాండు దాక."

ఆయన చేతులు ఆగిపోయాయి. తాను పక్కన పెట్టి, "ఆళ్ళు దుకాణపోళ్ళు గాదు బిడ్డా," అన్నాడు. "ఆళ్ళకెట్ల దెలుస్తది."

ఆ వారం గిటార్ ముట్టలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, వెనక గదిలోకి పోయి గిటార్ తలను బీరువాకు ఆనించి, అల్లపల్లిలో వాయించిన పాట కింది భాగం మొదలుపెట్టాను. శబ్దం మారింది. గలగల లేదు, గుమ్మనడం ఒక్కటే, శుభ్రంగా ఉంది. తలుపు తీసి చూస్తే బీరువాలో ఒక్క గిన్నె లేదు, గ్లాసు లేదు. అమ్మ అన్నీ వంటింటి గూటికి మార్చింది.

తలుపు మూసి మళ్ళీ వాయించాను. డ్రమ్ములాయన నవ్విన చోటు వచ్చింది. చేయి ఆపి, మొహం తుడుచుకున్నాను.

వంటింట్లో నుంచి అమ్మ గొంతు వచ్చింది.

"ఆపినవేందిరా?"

మళ్ళీ అందుకున్నాను.