చందు రాసిన మాట

నేను ఫోన్‌లో రాసిన ఒక మాట వల్ల ఒక మనిషి ఊరు విడిచిపోయాడు. ఆ మాట రాసింది నేనని ఈ రోజు వరకు ఎవరికీ చెప్పలేదు. మా నాన్నకు తెలియదు. నా భార్యకు తెలియదు. ఆ మనిషికి తెలుసో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్లలో నాకు పెళ్లయింది, పాప పుట్టింది, దుకాణం కాస్త పెద్దదైంది. ఎన్ని జరిగినా ఛాతీలో ఆ బరువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మీరెవరో నాకు తెలియదు. నా ముఖం మీకు కనపడదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ముఖం కనపడని చోట మాట్లాడటం నాకు కొత్త కాదు. అసలు తప్పు అక్కడే మొదలైంది.

మాది భువనగిరి. కింద మొబైల్ రిపేరు దుకాణం, పైన ఇల్లు, ఇంటి మీద మిద్దె. మిద్దె మీద మా అబ్బా పెంచే పావురాలు. మేం నాన్నను అబ్బా అంటాం. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. బడిలో నేను చదివింది తెలుగే. పద్యాలు అప్పజెప్పమంటే మా పంతులు మొదట నన్నే లేపేవారు. నా తెలుగు వింటే నా పేరు ఎవరూ ఊహించలేరు. చిన్నప్పుడు అది గొప్పగా ఉండేది. తరువాత అదే నాకు దాక్కునే చోటయింది.

దుకాణంలో బేరం లేనప్పుడు ఫోన్‌లో లూడో ఆడేవాణ్ణి. ముఖం తెలియని వాళ్లతో ఆడే ఆట. మొదట సొంత పేరుతోనే వెళ్లాను. ఆట సగంలో ఉండగా ఎదుటివాడు "నీ దేశానికి పో" అని రాశాడు. నేను వాణ్ణి ఏమీ అనలేదు. వాడి కాయ మాత్రమే కొట్టాను. ఆట మధ్యలోనే బయటికి వచ్చేశాను. మరునాడు పేరు మార్చుకున్నాను. చందు. బడిలో నా పక్కన కూర్చునే పిల్లవాడి పేరది. వాడంటే అందరికీ ఇష్టం.

చందుకు ఎవరూ దేశం చూపించలేదు. "అన్నా" అన్నారు. "ఏ ఊరన్నా" అని అడిగారు. ఎంత హాయిగా ఉండిందో మీకు చెప్పలేను. కిక్కిరిసిన బస్సులో ఎవరో జరిగి జాగా ఇచ్చినట్టుండింది.

ఆ ఆటలోనే గుంపుగా మాట్లాడుకునే గది ఒకటుండేది. ఫోన్ నంబర్లు కనపడవు, పేర్లే కనపడతాయి. లాక్‌డౌన్ రోజుల్లో అందులో మేం బాగా దగ్గరయ్యాం. నల్లగొండ వాళ్లు, పాలమూరు వాళ్లు, పోచంపల్లి నుంచి ఒక నేత పనివాడు, డిగ్రీ చదివే ఆడపిల్లలు. ఒకరోజు కుక్కకు గజ్జి పడితే ఏం రాయాలన్న మాట నడిచేది. ఇంకోరోజు సినిమాల్లో మన మాటను వెక్కిరిస్తారెందుకన్నది, హాస్టల్లో కులం అడిగితే ఏం చెప్పాలన్నది. అన్నింటికీ నా దగ్గర జవాబు ఉండేది. గది పెత్తనం నాకే ఇచ్చారు. మైకు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. వంటింట్లోంచి అమ్మ నన్ను నా పేరుతో పిలుస్తుందని భయం.

సలీం ఆ గదిలోకి సొంత పేరుతోనే వచ్చాడు. అచ్చంపేటలో ఆటో నడిపేవాడు. ఈనగానే తల్లి చచ్చిపోతే ఒక మేకపిల్లను తెచ్చుకుని సీసాతో పాలు పట్టి పెంచుతున్నాడు. దాని పేరు చమ్కి. నల్లటి పిల్ల, నుదుటి మీద తెల్ల చుక్క. ఆటోలో ముందు సీటు మీద అతని పక్కనే కూర్చునేది. ఆ ఫొటోలు చూడందే మా గదిలో ఎవరికీ తెల్లవారేది కాదు. ఒకసారి చమ్కికి పారుడు పట్టింది, ఒకటే విరేచనాలు. సలీం భయపడిపోయి నాకు విడిగా రాశాడు. నేను అబ్బాను అడిగి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు ఎలా తాగించాలో చెబుతూ పొద్దంతా అతనితోనే ఉన్నాను. సాయంత్రానికి చమ్కి లేచి నిలబడింది. "అన్నా, దీనికి రెండో పుట్టుక నీదే" అని రాశాడు. అప్పుడైనా అతనికి నా పేరు చెప్పి ఉండవచ్చు. అతనికి చెబితే ఏమయ్యేది? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ఏమీ అయ్యేది కాదు. సంతోషించేవాడు.

బక్రీదు దగ్గర పడింది. ఏదో వార్త మీద గదిలో వాదన లేచింది. మాట మాట పెరిగి చివరికి చమ్కి మీదికి వచ్చింది. వంశీ అనే కుర్రాడు, "సలీం, చమ్కి ఇంకెన్ని రోజులుంటది?" అని రాశాడు. "అది నా బిడ్డ తీరు అన్నా, గట్లనకు" అని సలీం రాశాడు. నవ్వు బొమ్మలు పడ్డాయి. నేను చూస్తూ ఉన్నాను. పెత్తనం నాది. ఆపమంటే ఆగేవాళ్లు. అప్పుడు వంశీయే రాశాడు: "చందన్న సప్పుడు చేస్తలేడు, ఈయన గూడ వాళ్లోడేనా ఏంది?"

వాడు తమాషాకే అన్నాడు. నాకు మాత్రం అది తమాషాగా లేదు. మళ్లీ ఆ మొదటి రోజు, "నీ దేశానికి పో" అన్న ఆ మాట. నేను టైపు చేశాను:

"వీళ్లకు పెంచుడు తెల్సు, కోసుడు తెల్సు. మనకే ఏం తెల్వదు."

వీళ్లు. మనం. ఆ రెండు మాటలు ఎంత సులువుగా వచ్చాయి! ఆ సమయంలో మా మెట్ల కింద పండుగకు తెచ్చిన మేకపోతు కట్టేసి ఉంది. అది ఆకులు నములుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు వింటూనే రాశాను. భయం వల్ల రాశానని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. భయం నిజమే. కానీ రాసిన తరువాత వచ్చిన నవ్వు బొమ్మలు చూసి నేనూ నవ్వాను. ఇంట్లో ఒంటరిగా, ఎవరూ చూడకుండా, పెదవులు విప్పి నవ్వాను. అది ఏ భయం?

సలీం విడిగా ఒక్క మాట రాశాడు. "అన్నా, నువ్వు గూడనా?" ఫోన్ బోర్లా పెట్టేశాను. మరునాడు మళ్లీ ఏదో రాశాడు. చదవకుండానే అతన్ని బ్లాక్ చేశాను.

సలీం, చమ్కి కలిసి ఉన్న ఫొటో కింద నా మాటను అచ్చు వేసి ఎవరో ఒక బొమ్మ చేశారు. చివర "చందన్న మాట" అని పేరు కూడా పెట్టారు. అది ఎన్ని ఫోన్లు తిరిగిందో నాకు తెలియదు. నా దుకాణానికి రిపేరుకు వచ్చిన ఒక ఫోన్‌లోనే కనపడింది. అద్దం మార్చి, తుడిచి ఇచ్చాను.

వానాకాలం పోయాక ఒక మధ్యాహ్నం దుకాణం ముందు ఒక సన్నటి మనిషి నిలబడ్డాడు. సలాం చేశాడు. ఫొటోల్లో ఎన్నిసార్లు చూశానో, చూడగానే గుర్తుపట్టాను. ఉర్దూలో మొదలుపెట్టి రెండు మాటలకే తెలుగులోకి వచ్చాడు. "మేం దూదేకులోళ్లం భాయ్, ఇంట్ల తెలుగే" అని కొంచెం సిగ్గుపడ్డాడు. ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

"గీ ఫొటో జర సూడు భాయ్. గీ మిద్దె ఏ గల్లీల ఉంటదో ఎర్కేనా? పావురాలు సాదేటోళ్లను అడుగుమని బస్టాండ్ల చెప్పిండ్రు."

అది మా మిద్దె. పిట్టగోడ మీద మా పావురాలు, వెనక గుట్ట, గుట్ట మీద కోట. చందుగా నేనే గదిలో పెట్టిన ఫొటో.

"ఎవరి కోసం?" అన్నాను.

"చందన్న అని ఉన్నడు. ఆయనతోని ఒక్కసారి మాట్లాడాలె." ఆ తరువాత ఆ బొమ్మ సంగతి చెప్పాడు. "మా స్టాండు పోరగాళ్ల ఫోన్లల్ల అదే ఉంది. నేను పోతుంటే మే... మే... అని ఒర్రుతరు. మా అమ్మ బుగులు పట్టి, నేను ఇంట్ల లేనప్పుడు చమ్కిని సంతకు కొంటవోయి అమ్మేసింది. అది యాడికి పోయి ఉంటదో ఎర్కేగా భాయ్."

నేను తల దించుకుని ఎవరిదో ఫోన్ విప్పుతున్నాను.

"గట్ల రాసినోని కోసం ఇంత దూరం ఎందుకొచ్చినవ్?"

"ఆయన మంచోడు భాయ్. చమ్కి సచ్చిపోతుంటే పొద్దంత నా యెంట ఉన్నడు. మనసు లేనోడు గట్ల ఉంటడా? గా పోరగాళ్లల్ల ఇద్దరు గా గ్రూపోళ్లే. చందన్న మాటంటే ఇంటరు. తమాషకన్న, తీసెయ్యుండ్రి అని ఆయన ఒక్కసారి రాస్తే సాలు."

ఒక్కసారి రాస్తే చాలు. రాయడానికి ఫోన్ నా చేతి పక్కనే ఉంది.

"చందు అనేటోడు గీడ ఎవరు లేరు భాయ్. నాకెర్కలేదు" అన్నాను.

అప్పుడే అబ్బా నమాజు నుంచి వచ్చాడు. కొత్త మనిషిని చూసి ఊరడిగాడు. అచ్చంపేట అనగానే అతని భుజం మీద చేయి వేసి, "అంత దూరంకెల్లి వచ్చి ఉపాసం పోతవా బిడ్డా? మీదికి పోదాం పా, తిందువుగాని" అన్నాడు. పైకి పోతే మిద్దె. మిద్దె మీద పిట్టగోడ.

"బస్సు టైమైతుందంట అబ్బా" అన్నాను.

సలీం బస్సు మాటే ఎత్తలేదు. నా వైపు చూశాడు. పైన పావురాలు రెక్కలు కొట్టుకున్నాయి. తలెత్తి కాసేపు విన్నాడు. మళ్లీ నన్ను చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అవు చాచా, బస్సుంది" అన్నాడు.

సలాం చేసి వెళ్లిపోయాడు. అతనికి ఆ క్షణంలో తెలిసిందా? తెలిసే నా అబద్ధాన్ని మా అబ్బా ముందు కాపాడాడా? లేక తన మతంవాడు కూడా అన్నం పెట్టడానికి ఇష్టపడలేదని నొచ్చుకుని అలా అన్నాడా? రెండింటిలో ఏది తక్కువ బాధో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ సాయంత్రం అబ్బా నాతో సరిగా మాట్లాడలేదు. "ఇంటికొచ్చిన మనిషిని ఆకలితో పంపించావు" అని మాత్రం అన్నాడు. ఆయనకు తెలిసిన నా తప్పు అంతే.

నేను గదిలో ఏమీ రాయలేదు. చందు పేరు చెరిపేసి బయటికి వచ్చేశాను. అదేదో ప్రాయశ్చిత్తమైనట్టు. నిజానికి ఆ బొమ్మను ఆపగలిగిన ఒకే మనిషిని నేను మాయం చేశాను.

మా పాప పుట్టాక అచ్చంపేట పోయాను. వీధిలో మేకపిల్లను చూసి పాప చప్పట్లు కొడుతుంటే ఇంట్లో ఉండలేకపోయాను. దుకాణానికి సామాను కావాలని భార్యకు చెప్పి బస్సెక్కాను. ఆటో స్టాండులో అడిగితే ఒక పెద్దమనిషి ఇల్లు చూపించాడు. సలీం లేడు. ఆటో అమ్మేసి ఎప్పుడో బొంబాయి దిక్కు పనికి పోయాడట. వాళ్లమ్మ ఒక్కతే ఉంది. సలీం దోస్తునని చెప్పాను. ఆమె నా పేరు అడగలేదు. నీళ్లిచ్చింది, గడపలో కూర్చుంది, అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. పండుగలకు కూడా రాడట. ఫోన్ చేస్తే బాగున్నానంటాడు, పెట్టేస్తాడు.

"నాదే తప్పు బిడ్డా" అంది. "గా మ్యాకను నేను అమ్మకుండ ఉంటే వాడు పోయెటోడు గాదు. నా మీది కోపంతోనే పోయిండు."

ఏళ్లుగా ఆమె అదే అనుకుంటూ ఉంది. ఆ తప్పు ఆమెది కాదని తెలిసిన మనిషిని నేను, ఆమె ఎదుట కూర్చుని ఆమె ఇచ్చిన నీళ్లు తాగుతున్నాను. నాలుక కదిలితే చాలు. పేరు చెప్పనవసరం లేదు, కారణాలు చెప్పనవసరం లేదు. నీ తప్పు కాదమ్మా అంటే సరిపోయేది. అయితే, "నీకెట్ల తెల్సు?" అని ఆమె అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడ్డాను. గ్లాసు కింద పెట్టి లేచాను. ఆమె గుమ్మం దాకా వచ్చి, కొడుకు ఎప్పుడైనా కలిస్తే ఒక్కసారి వచ్చి పొమ్మని చెప్పమంది. చెబుతానన్నాను. అది కూడా అబద్ధమే. అతను ఎక్కడున్నాడో నాకు తెలియదు, వెతకనూ లేదు.

ఆమెకు చదువు రాదు. ఇది ఆమె దాకా చేరదు. సలీం చదువుతాడో లేదో చెప్పలేను. మళ్లీ అచ్చంపేట పోయి ఆమె ముందు నోరు విప్పే ధైర్యం నాకు వస్తుందా? వస్తుందని రాస్తే మీరు నన్ను కొంచెం మంచివాడనుకుంటారు. అందుకే రాయను. క్షమించమని కూడా అడగను, అడగవలసిన వాళ్లు మీరు కారు. ఒక్కటి మాత్రం ఇన్నేళ్లకు నా చేత్తో రాయగలుగుతున్నాను. ఆ తల్లి తప్పు ఏమీ లేదు. చందు అనేవాడు ఎవడూ లేడు. ఆ మాట నేను రాశాను.